పల్లి చేను పసుపెక్కితే ముందు వేరు తవ్వి చూడండి

ప్రశ్న: బోరు కింద రెండెకరాల ఎర్ర చెల్క. మొక్కజొన్న కోశాక మోళ్లను రోటవేటర్‌తో కలియదున్ని, పది రోజులకే పల్లి వేశాను. ఇప్పుడు 32 రోజుల పంట. విత్తేటప్పుడు ఎకరాకు ఒక బస్తా డీఏపీ, 15వ రోజు ఒక బస్తా యూరియా ఇచ్చాను. వారం పాటు పచ్చబడి మళ్లీ పసుపెక్కింది. కింది ఆకులతో మొదలై పైకి పోతోంది. నాలుగు రోజులకోసారి తడి ఇస్తున్నాను. ఆకు ఫోటో చూసి ఇనుము లోపమని షాపులో అన్నభేది (ఇనుము అందించే మందు), హ్యూమిక్ యాసిడ్, సూక్ష్మపోషకాల మిశ్రమం ఇచ్చారు. రెండుసార్లు కొట్టినా మార్పు లేదు. ఇంకో బస్తా యూరియా వేయమంటున్నారు. వేయాలా? – ఒక రైతు, నాగర్‌కర్నూల్ జిల్లా

జవాబు: వేయొద్దు. ఇది ఇనుము లోపం కాదు. ఇనుము తగ్గితే పై లేత ఆకులు ముందు పాలిపోతాయి, ఈనెలు మాత్రం పచ్చగా ఉంటాయి. మీ చేలో కింది ముదురు ఆకులతో మొదలైందని మీరే రాశారు. అది నత్రజని లోపం. రెండు బస్తాల ఎరువు వేశాక కూడా లోపమేమిటని అడుగుతారు. ఎరువు తక్కువై కాదు, వేరు పని చేయక వచ్చిన లోపమని నా అనుమానం.

లెక్క చూడండి. బస్తా డీఏపీలో 9 కిలోల నత్రజని, బస్తా యూరియాలో 20 కిలోల పైన. యాసంగి పల్లికి ఎకరాకు మొత్తం సిఫారసే 12 కిలోలు. మిగతాది పల్లి గాలి నుంచి తనే సంపాదించుకుంటుంది, వేరు మీది బుడిపెల్లో ఉండే రైజోబియం బాక్టీరియాతో. అందుకు బదులుగా మొక్క తన చక్కెరలో కొంత దానికి పెట్టాలి. మట్టిలో నైట్రేట్ (యూరియాలోని నత్రజని మట్టిలో మారే రూపం) దండిగా దొరికితే మొక్క ఆ ఖర్చు మానేస్తుంది. కొత్త బుడిపెలు రావు, ఉన్నవీ మందగిస్తాయి. సరిగ్గా బుడిపెలు కట్టే వేళకు, 15వ రోజున, మీరు బస్తా యూరియా వేశారు. చెల్క నేలలో నాలుగు రోజులకో తడి ఇస్తే ఆ నైట్రేట్ వేళ్లకు అందకుండా కిందికి దిగిపోతుంది. అందుకే వారం రోజుల పచ్చదనం. పైగా ఎప్పుడూ తడిగా ఉండే మట్టిలో బుడిపెకు గాలి ఆడదు.

మోళ్ల సంగతి కూడా ఉంది. మొక్కజొన్న మోళ్లలో, వేళ్లలో ఒక పాలు నత్రజనికి యాభై, అరవై పాళ్ల కర్బనం ఉంటుంది. వాటిని కుళ్లబెట్టే సూక్ష్మజీవులు తమకు చాలని నత్రజనిని మట్టిలోంచే లాక్కుంటాయి. అది పోదు, తర్వాత తిరిగి వస్తుంది. కానీ పది రోజుల్లో రాదు.

ఇదంతా నేను మీ ఉత్తరం చూసి చెబుతున్నాను. ఖాయం చేసుకోవాల్సింది మీరు. పసుపెక్కిన చోట ఐదు మొక్కలు, పచ్చగా ఉన్న చోట రెండు తవ్వండి. చేత్తో పీకొద్దు, బుడిపెలు మట్టిలోనే తెగిపోతాయి. పారతో జానెడు లోతు మట్టిపెళ్లతో సహా తీసి బకెట్ నీళ్లలో మెల్లగా జాడించండి. పల్లి వేరుకు మామూలు నూగువేళ్లు దాదాపు ఉండవు. పక్కవేరు చీల్చుకొచ్చిన చోటి పగుళ్లలోంచే బాక్టీరియా లోపలికి పోతుంది, కాబట్టి బుడిపెల కోసం పక్కవేళ్ల మొదట్లో వెతకండి. దొరికినవి గోటితో చీల్చి చూడండి. లోపల ఎర్రగా, గులాబీ రంగులో ఉంటే పని చేస్తున్నట్లు. తెల్లగా ఉంటే ఇంకా మొదలుకానట్లు. ఆకుపచ్చగా, బూడిద రంగులో ఉంటే పని అయిపోయినట్లు.

బుడిపె ఏ రంగులో ఉన్నా ముందు నీళ్లు ఆపండి. పైమట్టి తెల్లబడ్డాక గుంటక తోలి, ఎకరాకు 200 కిలోల జిప్సం మొదళ్ల దగ్గర వేసి మట్టి ఎగదోయండి. 45 రోజులు దాటితే గుంటక వద్దు, ఊడలు (మట్టిలోకి దిగి కాయ కట్టే కాడలు) తెగుతాయి. ఆ తర్వాత తడికీ తడికీ మధ్య 8 నుంచి 10 రోజులు ఉంచండి. ఊడలు దిగేటప్పుడు మాత్రం బెట్ట రానీయొద్దు.

బుడిపెలు ఎర్రగా ఉంటే ఇంకేమీ చేయకండి, పది రోజులు ఓపిక పట్టండి. తెల్లగానో ఆకుపచ్చగానో ఉంటే లీటరు నీటికి 20 గ్రాముల యూరియా కలిపి, ఎకరాకు 200 లీటర్లు సాయంత్రం పూట పిచికారీ చేయండి. పది రోజులకు మరోసారి. అందులో వేరే మందేదీ కలపొద్దు. అసలు బుడిపెలే లేకపోతే, జిప్సం వేసేటప్పుడే ఎకరాకు 9 కిలోల యూరియా మట్టిలో వేయండి. బస్తా కాదు, 9 కిలోలు. 32 రోజుల పంటకు ఇప్పుడు రైజోబియం వేసినా పెద్దగా లాభం ఉండదు.

షాపులో మందిచ్చిన వారు మీ చేలోకి దిగలేదు, ఒక్క మొక్క తవ్వలేదు. ఆకు ఫోటో చూసి మూడు డబ్బాలు చేతిలో పెట్టారు. ఇలా పసుపు అనగానే యూరియా సంచి విప్పడం మన దగ్గర అలవాటైపోయింది. నాకు బాధ కలిగించేది అదే. రూపాయి ఖర్చు లేకుండా వేరు చేసే పనిని డబ్బు పెట్టి మరీ ఆపుతున్నాం.

వచ్చే యాసంగికి: మోళ్లు దున్ని ఒక తడి ఇచ్చి, మూడు నాలుగు వారాలు ఆగి విత్తండి. డీఏపీ బదులు ఎకరాకు 100 కిలోల సింగిల్ సూపర్ ఫాస్ఫేట్ వేయండి. కాల్షియం, గంధకం కూడా అందుతాయి. దాంతోపాటు 33 కిలోల పొటాష్, 18 కిలోల యూరియా. 30వ రోజు మరో 9 కిలోల యూరియా. మట్టి పరీక్ష చేయించి ఉంటే ఆ కార్డు ప్రకారం మార్చుకోండి. విత్తనానికి శిలీంధ్రనాశిని ముందు, అది ఆరాక రైజోబియం చివరన పట్టించాలి. ఎకరా విత్తనానికి 200 గ్రాములు, చల్లారిన బెల్లం నీళ్లతో, పొర ఊడకుండా మెల్లగా కలపండి. నీడలో ఆరబెట్టి అదే రోజు విత్తండి.