పాట ఎక్కడ మొదలైంది?

విజయనగరం,
ఆదివారం సాయంత్రం

అమ్మాయీ,

నీ వ్యాసం అందింది. రెండుసార్లు చదివాను. కాలేజీ ఆడిటోరియంలో పిల్లలు వేసిన ఆ సంగీత నాటకానికి నేనూ వచ్చాను, నువ్వు చూసుకోలేదు. వెనక వరసలో, తిరగని ఫ్యాను కింద ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నాను. అందుకే ఈ ఉత్తరం కాస్త పొడుగైతే ఏమీ అనుకోకు.

నాలుగు పేజీలు రాశావు. మొదటి పేరా అంతా బ్రాడ్‌వే, అదే అమెరికా సంగీత నాటకాల గొడవ. తర్వాత మూడు పేజీలు కథ: జూట్ మిల్లు మూతపడటం, తండ్రి వలస పోవడం, కొడుకు చదువు మానేద్దామనుకోవడం. చివర్లో “విద్యార్థులు తమ నటనతో ప్రేక్షకులను మంత్రముగ్ధులను చేశారు” అన్నావు. ఆ వాక్యం రాయడానికి ఆడిటోరియం దాకా రానక్కర్లేదమ్మా, ఇంట్లో కూర్చుని కూడా రాసేయొచ్చు. నేను రాశాను కాబట్టి తెలుసు.

నీ వయసులో ఉండగా ఒక ఊళ్ళో పద్య నాటకానికి వెళ్ళాను. బొబ్బిలికి ఆఖరి బస్సు పోతుందన్న టెన్షన్లో సగంలోనే లేచి వచ్చేసి, మిగతా సగం కరపత్రం చూసి రాసేశాను. ఫలానా ఆయన రెండో భాగంలో పద్యాలు అమోఘంగా పాడారని రాశాను. అది అచ్చయింది కూడా. పది రోజుల తర్వాత సంతలో ఆయనే ఎదురయ్యాడు. “బాబూ, ఆ రాత్రి నా గొంతు పట్టేసింది. రెండో భాగంలో నా వేషం మా తమ్ముడు కట్టాడు. నీ మెచ్చుకోలు వాడికి చెప్పాన్లే” అన్నాడు. కోప్పడినా బాగుండేది.

సరే, మన నాటకం సంగతికొద్దాం. నీ నాలుగు పేజీల్లో పాట ఏదీ? సంగీత నాటకం చూసేటప్పుడు నేను మాట ఎక్కడ ఆగిందో, పాట ఎక్కడ ఎత్తుకున్నారో, సరిగ్గా అక్కడే ఎందుకు ఎత్తుకున్నారో చూస్తాను. పద్య నాటకంలో ఈ బాధ లేదు. కృష్ణుడు ఏం చెప్పబోతున్నాడో జనానికి ముందే తెలుసు. వాళ్ళు వచ్చేది రాగం కోసం. కథ ఆగిపోయినా వన్స్‌మోర్ అంటారు. చచ్చి పడున్న వేషధారి లేచి, పద్యం మళ్ళీ పాడి, మళ్ళీ చచ్చిపోయాడని మా పెద్దవాళ్ళు చెప్పుకుని నవ్వేవారు. ఈ పిల్లల కథ మాత్రం ఎవరికీ తెలీదు. పాట వచ్చినప్పుడల్లా కథ ఒక్క అడుగైనా కదలాలి, లేకపోతే జనం ఫోన్లు తీస్తారు. హాస్టల్లో స్నేహం మీద పాట పాడినప్పుడు తీశారు కూడా. అది నువ్వు రాయలేదు.

తల్లి బియ్యం కొలిచే సీనుకి మాత్రం ఒక్కరూ తియ్యలేదు. గుర్తుందా? సంచీలో సోల ముంచి “లాభం” అంది. మన పల్లెల్లో కొలిచేటప్పుడు ఒకటి అనరు కదా, లాభం అంటారు. తర్వాత “రెండు” అంది. మూడో సోలకి సంచీ అడుగు గీసుకుంది. ఆగింది. ఉన్న బియ్యం మళ్ళీ సంచీలో పోసేసి, మళ్ళీ మొదటి నుంచి “లాభం” అని కొలిచింది. మూడోసారికి ఆ లెక్కే తాళమైపోయింది, ఆ మాటే పల్లవి అయిపోయింది. పాట మొదలైందని మనకి తెలిసేసరికి అప్పటికే రెండు ఆవృత్తాలు పాడేసింది. ముందు వరసలో ఎవరో మామ్మగారు “ఓలమ్మా!” అని పైకే అనేసింది. నీ వ్యాసంలో ఈ సీను గురించి ఉన్నది ఒకే ఒక్క మాట, “హృద్యంగా ఉంది” అని.

ఇంకొకటి. మిల్లు యంత్రాల చప్పుడుకి వాళ్ళు వాడుకున్నది తప్పెటగుళ్ళు. గుండెకి కట్టుకున్న గుండ్రటి రేకుల్ని చేతులతో కొడుతూ, గెంతుతూ, గుంపంతా ఒకే యంత్రమైపోయారు. దాన్ని నువ్వు “జానపద నృత్యం” అని వదిలేశావు. మన ఊళ్ళ ఆట అది, పేరు పెట్టి రాయి.

“స్వల్ప సాంకేతిక లోపాలు” అన్నావే, ఆ సాయంత్రం మొత్తానికీ మంచి ఘట్టం అక్కడే ఉంది. పాటలకి పిల్లలు రికార్డు చేసిన ట్రాకు పెట్టుకున్నారు. హార్మోనిస్టు ఉంటే నటుడి నోరు చూస్తాడు. నటుడు తడబడితే రాగం సాగదీసి ఆగుతాడు. ట్రాకు ఎవరి కోసమూ ఆగదు. యుగళంలో ఆ కుర్రాడు ఎత్తుగడ తప్పాడు, ట్రాకు ముందుకి పోయింది. పక్కనున్న అమ్మాయి క్షణం కూడా ఆలోచించకుండా వాడి చరణం తనే అందుకుని, రెండో పాదానికి వాడి చెయ్యి నొక్కి లోపలికి లాక్కుంది. రిహార్సల్లో ఇది ఉండదు. వాడు తప్పడానికి కారణం కూడా అడిగి తెలుసుకున్నాను. ఆడపిల్లల గొంతుకి ఐదు, ఐదున్నర శ్రుతి హాయిగా ఉంటుంది, మగపిల్లలకి అంతకన్నా కిందుండే ఒకటి, ఒకటిన్నర. ట్రాకు అమ్మాయి శ్రుతికి చేయించారట. వాడు పైకి వెళ్ళాలా, కింద పాడాలా అని తేల్చుకునేలోపు పాట వెళ్ళిపోయింది. నాకు సంగీతం వచ్చి ఇదంతా తెలియలేదు. ఆట అయ్యాక మేకప్ గదికి వెళ్ళి, మొహం కడుక్కుంటున్న వాణ్ణే అడిగాను. నువ్వూ అడగొచ్చు. పిల్లలు దాచుకోరు.

బ్రాడ్‌వే పేరా కొట్టెయ్. కన్యాశుల్కం 1892లో మొదటిసారి ఆడింది ఈ ఊళ్ళోనే. 1919లో ఇక్కడ గాన పాఠశాల పెట్టినప్పుడు తొలి ప్రిన్సిపాల్‌గా కూర్చున్నది హరికథలు చెప్పిన ఆదిభట్ల నారాయణదాసు. కాళ్ళకి గజ్జెలు, చేతిలో చిరతలు, వచనంలోంచి పాటలోకి, పాటలోంచి ఆటలోకి, అన్ని పాత్రలూ ఒక్కడే. ఆ పిల్లలకి ఈ సంగతి తెలిసి చేశారో లేదో గాని, బియ్యం సీనులో మాట పాటైన తీరు నాకు హరికథలాగే అనిపించింది. అయితే ఇదంతా వ్యాసం మొదట్లో చరిత్ర పాఠంలా పెట్టకు. ఆ సీను దగ్గర ఒక వాక్యంలో వస్తే చాలు.

కథ మూడు పేజీలు అరపేజీ చెయ్యి. స్నేహం పాట తేలిపోయిందని కూడా రాయి. చిన్నపిల్లలు కదా అని జాలిపడితే వాళ్ళకే నచ్చదు.

వచ్చే శనివారం మళ్ళీ వేస్తున్నారట. నేను ఈసారి ముందు వరసలో కూర్చుంటాను, చెవి కాస్త మందగించింది. నువ్వు నా పక్కన వద్దు, పక్క వింగు కనపడే చోట కూర్చో. మూడోసారి “లాభం” అన్నప్పుడు వణికింది ఆ అమ్మాయి గొంతో, మైకో నాకు తెలియలేదు. చూసి చెప్పు.

మీ మాస్టారు