తెల్లదొరలు వెళ్లిపోయినా పేదరికం ఎందుకు మిగిలింది?

దోచుకెళ్లిన సొమ్ము కంటే, వదిలివెళ్లిన ఏర్పాట్లే ఎక్కువ కీడు చేశాయి. ఉత్తరాంధ్రలోని విజయనగరం సంస్థానమే చూడండి. కుంఫిణీకి (ఈస్టిండియా కంపెనీకి) కట్టాల్సిన పేష్కషు, అంటే కప్పం, బకాయిల పేచీ ముదిరి 1794లో పద్మనాభం యుద్ధం, అందులో అక్కడి రాజు విజయరామరాజు మరణం. తర్వాత 1802 నుంచి శాశ్వత శిస్తు పద్ధతి: జమీందారు కుంఫిణీకి కట్టేది స్థిరం, రైతు జమీందారుకు కట్టేదానికి మాత్రం గట్టి హద్దు లేదు. అలాంటప్పుడు చెరువు పూడిక తీయించడం కన్నా శిస్తు పిండుకోవడమే సులువు! పండించినవాడికి గింజ మిగలనప్పుడు పొలం మీద పెట్టుబడి ఎవరు పెడతారు?

1948 చట్టంతో జమీందారీలు రద్దయ్యాయి. అయినా దేశంలో ఒకప్పటి జమీందారీ జిల్లాలు సేద్యం, చదువు, వైద్యంలో మిగతావాటికంటే వెనుకబడ్డాయని ఆర్థికవేత్తలు అభిజిత్ బెనర్జీ, లక్ష్మీ అయ్యర్ 2005లో లెక్కలతో చూపారు. నేరమంతా దొరలదే అనను. శ్రీకాకుళం పొలాలకు వంశధార నది నీళ్లు అందడంలో ఆలస్యం మన ప్రభుత్వాల ఖాతాలోదే.