ఆ కర్ర ముందు దాచెయ్

చెల్లీ,

ఫోన్లో నీ ఏడుపే తప్ప మాట వినపడలేదు, అందుకే రాస్తున్నాను. చిన్నోడి జేబులో గంజాయి పొట్లం దొరికిందని మరిదిగారు కర్ర తీశారట. ఆ కర్ర ముందు దాచెయ్. ఇన్నాళ్లు మానసిక వార్డులో నర్సుగా చేశాను, దెబ్బలకి మానినోడిని చూడలేదు. దెబ్బలు తిన్నోడు ఇంకా బాగా దాచడం నేర్చుకుంటాడు, అంతే.

మత్తు లేని వేళ చూసి నువ్వొక్కదానివే కూర్చో. ఎందుకు తాగావురా అని మొదలెట్టకు. ఎన్నాళ్లనుంచి, రోజుకి ఎన్నిసార్లు, పొద్దున్న లేవగానే కావాలా, మందు కూడా తాగుతున్నాడా, నిద్రమాత్రలు మింగుతున్నాడా అని అడుగు. చివరి రెండూ అసలైనవి. గంజాయి ఒక్కటే అయితే మానేసిన మొదటి వారం చిరాకు, నిద్ర పట్టకపోవడం, అన్నం సయించకపోవడం ఎక్కువగా ఉంటాయి. రెండు మూడు వారాల్లో చాలావరకు తగ్గుతాయి. అప్పుడు కంచం తోసేస్తే పొగరనుకోకు. అదే రోజూ బాగా మందు తాగేవాళ్లు, నిద్రమాత్రలకి అలవాటైనవాళ్లు ఇంట్లో ఒక్కసారిగా ఆపితే ఫిట్స్ రావచ్చు, మనుషుల్ని పోల్చుకోలేక ప్రాణం మీదికీ రావచ్చు. వాళ్లని డాక్టరు చేతే మాన్పించాలి. లేని మాటలు వినపడుతున్నాయన్నా, ఎవరో తరుముతున్నారన్నా, చచ్చిపోతానన్నా మర్నాటికి వాయిదా వెయ్యకు, శ్రీకాకుళం రిమ్స్ ఆసుపత్రికి తీసుకుపో.

మీ అత్తగారు అన్నంలో కలుపుదామంటున్న మాత్ర తాగుడుకి ఇచ్చేది, గంజాయికి పనిచెయ్యదు. తెలియకుండా పెడితే, ఆపైన వాడు మందు తాగితే వాంతులు, గుండెదడ, బీపీ పడిపోవడం. వద్దని గట్టిగా చెప్పు.

హైదరాబాద్ పనికి పంపేద్దామన్నావు. మన జిల్లాలో ఏ కష్టానికైనా రైలెక్కించడమే వైద్యం! అక్కడ చేతిలో కూలి డబ్బులుంటాయి, రాత్రి ఎక్కడున్నావని అడిగేవాళ్లుండరు. ఏటి బాగుపడతాడు? ఆర్నెల్లు కళ్లముందు ఉంచు.

పోలీసుల భయంతో ఆసుపత్రి మానకండి. 1985 నాటి మత్తుమందుల చట్టంలో (ఎన్‌డీపీఎస్ అంటారు) 64ఎ సెక్షనుంది. అలవాటైనవాడు కొద్ది మొత్తంతో దొరికినా, తనంత తానే వైద్యానికి వస్తే కేసు నుంచి రక్షణ ఉంటుంది. చికిత్స మధ్యలో వదిలేస్తే అది పోవచ్చు. గంజాయికి ఆ కొద్ది మొత్తం కిలో వరకే. నాకు ఎక్కువ భయం వేరే ఉంది. ఒడిశా వైపు నుంచి వచ్చే సరుకు మొయ్యడానికి కుర్రాళ్లకి ఖర్చులిచ్చి సంచి చేతికిస్తారు. 20 కిలోలు దాటి దొరికితే తక్కువలో తక్కువ పదేళ్ల జైలు. నేస్తాలెవరి సంచీ ముట్టుకోవద్దని ఈ రోజే చెప్పు.

మానేశాక మళ్లీ ఓసారి తాగొచ్చు. అప్పుడు ఇంటిల్లిపాదీ పెడబొబ్బలు పెట్టకండి, డాక్టరుకి చెప్పండి. మత్తు మాన్పించడానికి సర్కారు పెట్టిన హెల్ప్‌లైన్ 14446కి ఫోన్ చేస్తే డబ్బులు పడవు, సలహా చెబుతారు.

ఆదివారం పొద్దున్న బస్సుకి వస్తున్నాను. మరిదిగారితో నేను మాట్లాడతాను, నువ్వు మధ్యలోకి రాకు.

నీ అప్ప