నిద్ర పడుతోంది, కానీ బీపీ పెరిగింది

ప్రశ్న: మారతహళ్ళిలో రింగ్ రోడ్డు పక్కనే మా ఫ్లాట్. రాత్రిపూట లారీల హారన్లు అలవాటైపోయాయి, నిద్ర పడుతోంది, కానీ పొద్దున లేచేసరికి తల దిమ్ముగా ఉంటోంది. ఈమధ్య బీపీ కూడా పెరిగింది. చప్పుడే కారణమా?
- ఒక పాఠకురాలు, బెంగళూరు

జవాబు: అలవాటైంది మీకేనమ్మా, మీ గుండెకు కాదు. నిద్రలోనూ చెవి మూతపడదు, హారన్ మోగినప్పుడల్లా ఒంట్లో టెన్షన్ హార్మోన్లు ఎగసి గుండె వేగం, బీపీ కాస్త పెరుగుతాయి, ఏళ్ల తరబడి ఇలాగే సాగితే గుండెజబ్బు ముప్పూ ఎక్కువే. 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం ఇళ్లుండే చోట చప్పుడు రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా 45 డెసిబెల్స్ దాటకూడదు (ఆ లారీలకు ఎవరు చెప్పాలి!). అలాగని నేరమంతా రోడ్డు మీదే వేయకండి, ముందు డాక్టరుకు చూపించుకోండి. మంచాన్ని వెనక గదిలోకి మార్చి, కిటికీ సందులకు రబ్బరు పట్టీ వేయించండి. కర్టెన్లతో పెద్దగా ఒరిగేదేమీ లేదు.