సెర్చ్ ప్రకటన పెట్టాక సంబంధం లేని ఫోన్లే ఎక్కువ వస్తుంటే ఏం చేయాలి?

వాషింగ్ మెషీన్ల రిపేరు కోసం గూగుల్ సెర్చ్‌లో ప్రకటన ఇచ్చానని, ఆ రోజు నుంచి ఫోన్ మోగుతూనే ఉన్నా సగానికి పైగా కంపెనీ కస్టమర్ కేర్ అనుకొని చేసేవారేనని, ప్రకటన ఆపేయడం తప్ప వేరే దారి ఉందా, తప్పు ఫోన్లకు పోయిన డబ్బు వెనక్కి వస్తుందా అని మీరు అడిగారు. దారి ఉంది. నేను ఫ్రిజ్‌ల రిపేరు పనిలో ఉన్నాను, ఇదే బాధ దాదాపు ఏడాది పడ్డాను. అందులో మొదటి ఆరు నెలలు ఫోన్ చేసినవారిని విసుక్కోవడంతోనే గడిచిపోయాయి. లోపం నేను చేసుకున్న సెట్టింగుల్లోనే ఉందని ఆ తరువాత గాని తెలియలేదు.

కళ్లు తెరిపించిన ఫోన్ ఒకటి చెబుతాను. ఒక పెద్దావిడ, నేను "చెప్పండమ్మా" అనేలోపే, "బాబూ, కంప్లైంట్ నంబరు రాసుకో" అంటూ ఒక్కొక్క అంకే చదవడం మొదలుపెట్టారు. నేను కంపెనీ మనిషిని కానని, సొంతంగా రిపేర్లు చేసుకునేవాడినని చెబితే, "మరి కంపెనీ పేరు కొడితే మీ నంబరే ఎందుకొచ్చింది?" అని అడిగారు. నాలుగు నిమిషాలు మాట్లాడి, వారంటీ కార్డు వెనుక నంబరు ఉంటుంది చూడమని చెప్పి పెట్టేశాను. అరగంట తరువాత మళ్లీ ఆవిడే చేశారు. మళ్లీ వెతికితే మళ్లీ నా ప్రకటనే కనిపించిందట. రెండు ఫోన్లకూ నా ఖాతాలోంచి డబ్బు పోయింది, ఎందుకంటే ప్రకటనలోని కాల్ బటన్ నొక్కిన క్షణంలోనే క్లిక్ లెక్కలోకి వస్తుంది, మాట్లాడింది దేని గురించి అన్నదానితో పని లేదు.

అసలు దెబ్బ అది కాదు. ఆ వారం నివేదిక తీసి చూస్తే, నాలుగు నిమిషాల ఆ సంభాషణ విజయవంతమైన కాల్‌గా నమోదై ఉంది. గూగుల్ యాడ్స్‌లో ప్రకటన ద్వారా వచ్చిన ఫోన్ 60 సెకన్లు దాటితే దానిని కన్వర్షన్‌గా, అంటే పనికొచ్చిన ఫోన్‌గా, లెక్కించడం ముందే ఉండే అమరిక, మనం మార్చేదాకా అదే నడుస్తుంది. బిడ్డింగ్‌ను, అంటే ఒక్కో క్లిక్‌కు ఎంత పెట్టాలన్న నిర్ణయాన్ని, ఆటోమేటిక్‌గా వదిలేసినవారికి ఇది ఎక్కడ తగులుతుందో ఆలోచించండి: మీరు మర్యాదగా, ఓపికగా దారి చెప్పి పంపిన ప్రతి తప్పు ఫోన్‌నూ ఆ వ్యవస్థ మంచి గిరాకీగా నేర్చుకొని, అలాంటి వెతుకులాటల దగ్గరే మీ ప్రకటనను ఇంకా గట్టిగా చూపిస్తుంది. నా ఓపికే నాకు శత్రువైందని ఆ రోజు నవ్వూ వచ్చింది, ఏడుపూ వచ్చింది.

ఆ 60 సెకన్ల నిడివి పెంచితే సరిపోతుందని మొదట అనుకొని మూడు నిమిషాలకు మార్చాను. పెద్దగా లాభం లేకపోయింది, ఎందుకంటే కంపెనీ మీద కోపంతో ఉన్న మనిషి తన గోడు మొత్తం చెప్పుకోవడానికి అయిదు నిమిషాలైనా తీసుకుంటాడు, నిజంగా పని ఇచ్చేవాడు చిరునామా, వీలైన సమయం చెప్పి రెండు నిమిషాల్లో పెట్టేస్తాడు. చివరికి పనికొచ్చింది ఒక నోటు పుస్తకం. ఫోన్ వచ్చిన సమయం, నంబరు, ఏం అడిగారు, పని కుదిరిందా అన్నవి నాలుగు గడుల్లో రాసుకుంటూ పోయాను. పని కుదిరిన ఫోన్లను మాత్రమే, చేసినవారి నంబరు, ఫోన్ మొదలైన సమయంతో సహా, వారానికోసారి ఖాతాలోకి ఎక్కించి, వాటినే కన్వర్షన్లుగా లెక్కించేలా మార్చాను. ప్రకటనలో మన నంబరుకు బదులు మన ఫోన్‌కు మళ్లించే గూగుల్ నంబరు (ఫార్వార్డింగ్ నంబరు) చూపించే సౌకర్యం ఉన్న దేశాల్లోనే ఇది వీలవుతుంది. ఫలితం కనిపించడానికి కొన్ని వారాలు పట్టింది, మధ్యలో ఫోన్లు బాగా తగ్గి భయం కూడా వేసింది.

అయితే ఇదంతా రెండో మెట్టు. మొదటి మెట్టు మీ కీవర్డ్‌లు, అంటే ఏ మాటలు వెతికితే మీ ప్రకటన కనిపించాలో మీరు ఇచ్చే మాటలు. కొత్తగా పెట్టే కీవర్డ్, మీరు ప్రత్యేకంగా గుర్తులు పెట్టకపోతే, బ్రాడ్ మ్యాచ్‌గానే ఉంటుంది. అంటే "వాషింగ్ మెషీన్ రిపేర్" అని మీరు రాస్తే, దానికి కాస్తో కూస్తో సంబంధం ఉందనిపించిన వెతుకులాటలన్నిటికీ మీ ప్రకటన వెళ్లవచ్చు. కొటేషన్ గుర్తుల మధ్య రాస్తే ఫ్రేజ్ మ్యాచ్ (మీ మాట అర్థం ఇమిడి ఉన్న వెతుకులాటలకే), చదరపు బ్రాకెట్లలో రాస్తే ఎగ్జాక్ట్ మ్యాచ్ (అదే అర్థం ఉన్నవాటికే) అవుతుంది. ఎగ్జాక్ట్ అన్న పేరును అక్షరాలా నమ్మకండి, 2018 నుంచి అదే ఉద్దేశం ఉన్న వేరే మాటలకు కూడా అది సరిపోతోంది. అయినా బ్రాడ్ మ్యాచ్‌తో పోలిస్తే నేలకూ నింగికీ ఉన్నంత తేడా. నేను నా జాబితాలో నాలుగింటిని తప్ప మిగిలినవన్నీ తీసేశాను.

తరువాత సెర్చ్ టర్మ్స్ రిపోర్ట్ తెరవండి. మనుషులు నిజంగా ఏ మాటలు కొట్టి మీ ప్రకటన దగ్గరికి వచ్చారో అందులో ఉంటుంది. అన్నీ ఉండవు, 2020 సెప్టెంబరు నుంచి చాలా కొద్దిమంది మాత్రమే వెతికిన మాటలను అందులో చూపించడం మానేశారు. ఉన్నంతలోనే మీ ఫోన్ల గుట్టు బయటపడుతుంది. నా రిపోర్టులో కంపెనీల కస్టమర్ కేర్‌తో పాటు టెక్నీషియన్ ఉద్యోగాలు, రిపేరు శిక్షణ, పాత ఫ్రిజ్‌ల అమ్మకం, తెర మీద కనిపించే ఎర్రర్ కోడ్‌కు అర్థం కూడా ఉన్నాయి. ఆ చివరివారు ఫోన్ చేసి ఉచితంగా కిటుకు చెప్పించుకొని వెళ్లేవారు, వాళ్లను తప్పుపట్టను.

ఈ మాటలను నెగటివ్ కీవర్డ్‌లుగా, అంటే ప్రకటన రాకుండా అడ్డుపెట్టే మాటలుగా, చేర్చాలి, కానీ ఇక్కడ చాలామంది కాలు జారుతుంది. మామూలు కీవర్డ్ తన చుట్టుపక్కల అర్థాలన్నిటికీ పాకినట్లుగా నెగటివ్ కీవర్డ్ పాకదు. "కస్టమర్ కేర్" అని అడ్డు పెడితే "హెల్ప్‌లైన్" ఆగదు, "టోల్ ఫ్రీ" ఆగదు; ఏకవచనం, బహువచనం విడివిడిగా చేర్చాలి. పైగా ఒకే మాటను కొందరు తెలుగు లిపిలో, కొందరు ఇంగ్లీషు అక్షరాల్లో కొడతారు కాబట్టి రెండు రూపాలూ కావాలి. తొందరలో అతి చేయవద్దు కూడా. ఒక సాయంత్రం విసుగెత్తి "సర్వీస్" అన్న ఒక్క మాటను నెగటివ్‌గా చేర్చాను. రెండు రోజులు ఒక్క ఫోన్ రాలేదు. నెట్‌వర్క్ పోయిందేమోనని పక్కవాళ్ల ఫోన్ నుంచి నా నంబరుకు చేసి చూసుకున్నాను. నాకు పని ఇచ్చేవారిలో ఎక్కువమంది "ఫ్రిజ్ సర్వీస్" అనే వెతుకుతారన్న సంగతి అప్పుడు గుర్తుకొచ్చింది.

మీ ప్రకటన శీర్షికను కూడా ఒకసారి చదవండి. నాది తయారుచేసి ఇచ్చినవారు, కీవర్డ్ దానంతటదే శీర్షికలోకి వచ్చి కూర్చునే ఏర్పాటు పెట్టారు. కీవర్డ్‌లలో "ఫ్రిజ్ సర్వీస్ సెంటర్" ఉండటంతో ప్రకటన పైన పెద్ద అక్షరాల్లో అదే కనిపించేది. కంగారులో ఉన్న మనిషి అది చూసి కంపెనీ వాళ్లేననుకోవడంలో వింతేముంది? పెద్దావిడ అడిగిన ప్రశ్నకు సగం జవాబు అక్కడే ఉంది. ఆ ఏర్పాటు తీసేసి, "వారంటీ అయిపోయిన ఫ్రిజ్‌లకు రిపేరు" అని సూటిగా రాశాను. క్లిక్కులు తగ్గాయి, తగ్గాల్సినవే తగ్గాయి.

దూర ప్రాంతాల నుంచి కూడా ఫోన్లు వస్తుంటే లొకేషన్ సెట్టింగ్ చూడండి. ముందే ఉండే అమరికలో ఆ ప్రాంతంలో ఉన్నవారితో పాటు దానిమీద ఆసక్తి చూపినవారు కూడా కలిసి ఉంటారు. ఉన్నవారికి మాత్రమే అని మార్చుకోవాలి. మీరు ఫోన్ ఎత్తలేని వేళల్లో కాల్ బటన్ కనిపించకుండా సమయాలు కూడా పెట్టుకోవచ్చు.

డబ్బు వెనక్కి వస్తుందా అన్నది మీ రెండో ప్రశ్న. ఆశ పెట్టుకోకండి. యంత్రాలు చేసే క్లిక్కులు, కావాలని పదే పదే నొక్కేవి చెల్లని క్లిక్కుల కిందికి వస్తాయి గాని, నిజమైన మనిషి నిజంగా వెతికి పొరపాటున మీకు ఫోన్ చేస్తే అది చెల్లని క్లిక్ కాదు. ఇక ప్రకటనల సంస్థ నుంచే మాట్లాడుతున్నామంటూ మీ ఖాతా బాగుచేస్తామని చేసేవారు కొందరు ఉంటారు. వాళ్లకు ఖాతా వివరాలు గాని, ఫోన్‌కు వచ్చిన కోడ్ గాని చెప్పకుండా పెట్టేసి, నంబరు బ్లాక్ చేయండి.

ఇన్ని చేసినా కొన్ని తప్పు ఫోన్లు వస్తూనే ఉంటాయి. నాకు ఇప్పటికీ రోజుకు ఒకటో రెండో తగులుతాయి. అందుకే ఫోన్ ఎత్తగానే నా మొదటి మాట మార్చుకున్నాను: "ఇది సొంత రిపేరు షాపండీ, కంపెనీ సర్వీసు సెంటరు కాదు. మీ ఫ్రిజ్ వారంటీలో ఉందా?" ఉంది అంటే వారంటీ కార్డు గాని, ఫ్రిజ్‌తో వచ్చిన పుస్తకం గాని తీసి అందులోని నంబరుకు చేయమంటాను. ఎంత నెమ్మదిగా చెప్పినా అరనిమిషంలో అయిపోతుంది.