పక్క ఫ్లాట్‌లో సీరియల్ కిల్లర్ ఉండే స్లో థ్రిల్లర్ ఏదైనా చెప్పండి, లాగ్ మాత్రం ఉండకూడదు

స్లోగా ఉండాలి, లాగ్ ఉండకూడదు అంటున్నారు. ఉప్పూ కారం తక్కువగా ఆవకాయ పెట్టమన్నట్టుంది. సరే, ఒకటి చెబుతాను. 1.5 స్పీడులో చూస్తానంటే మాత్రం వద్దు.

2010లో వచ్చిన కెనడా సినిమా, ‘గుడ్ నైబర్స్’. దర్శకుడు జేకబ్ టియర్నీ. మాంట్రియల్‌లో ఎన్‌డీజీ అని ఒక పేట ఉంది, అక్కడి పాత అపార్ట్‌మెంట్‌లో కథ. పిల్లులే లోకంగా బతికే వెయిట్రెస్ ఒకామె, చక్రాల కుర్చీలో ఒకాయన, కొత్తగా దిగిన స్కూల్ టీచర్ ఒకతను. పేటలో ఆడవాళ్ల హత్యలు జరుగుతుంటాయి. వీళ్లేమో ఒకరింట్లో ఒకరు కూర్చుని మాట్లాడుకుంటుంటారు. హంతకుడెవరో చివరిదాకా దాచిపెట్టరు కూడా. మనకు తెలిశాకే అసలు టెన్షన్. పిల్లులంటే ప్రాణమైనవాళ్లు జాగ్రత్త, అంతకుమించి చెప్పను.

కాలం 1995. కెనడా నుంచి కెబెక్ (మాంట్రియల్ ఉన్న రాష్ట్రం, ఫ్రెంచ్ మాట్లాడేవాళ్లే ఎక్కువ) విడిపోవాలా వద్దా అని అక్టోబర్ 30న ఓటింగ్ జరిగింది. 50.58 శాతం వద్దన్నారు. అంటే మెట్ల మీద ఎదురుపడే ఇద్దరిలో ఒకరు అటు, ఒకరు ఇటు. రాష్ట్ర విభజన రోజుల్లో హైదరాబాద్ అపార్ట్‌మెంట్లలో ఉన్నవాళ్లకు లిఫ్ట్‌లో ఆ మౌనం ఎలా ఉంటుందో వేరే చెప్పక్కర్లేదు. మన సినిమాలో అయితే ఆ మౌనంలో కూడా డ్రమ్స్ వాయిస్తారు. ఎందుకు వాయిస్తారో నాకిప్పటికీ అర్థం కాదు.

ఈ సినిమా నేను చూసింది అదే పేటలో. చదువుకోడానికి వెళ్లి, 105 నంబర్ బస్సు వెళ్లే వీధి పక్కన ఒక ‘మూడున్నర’లో ఉండేవాళ్లం. అక్కడ ఇంటిని గదుల లెక్కన చెబుతారు, ఆ అర బాత్రూమ్. మా గోడ అవతల ఒక పెద్దాయన ఒంటరిగా ఉండేవాడు. ఐదు నెలల్లో మా మధ్య నడిచిన సంభాషణ మొత్తం ‘బోంజూర్’, ఫ్రెంచ్‌లో నమస్కారం అన్నమాట. రాత్రి రెండింటికి ఆయన అడుగుల చప్పుడు వినిపించేది. నేనూ మా రూమ్మేటూ ఆయన మీద ఎన్ని కథలు అల్లామో.

ఫిబ్రవరి రాత్రి, పదిన్నర. ల్యాప్‌టాప్‌లో ఈ సినిమా, స్టవ్ మీద పప్పు. మూడు కూతలు రాగానే లేచి కట్టేశాను. రూమ్మేట్ పోపు వేశాడు. గుంటూరు నుంచి వాళ్లమ్మ పంపిన ఎండుమిరపకాయలు, కిటికీ తీస్తే బయట మైనస్ ఇరవై. ఇద్దరం కళ్లనీళ్లు వచ్చేలా దగ్గాం. అంతలో గోడ మీద టక్, టక్, టక్. సినిమా ఆపేశాను. రెండు నిమిషాలకు తలుపు కొట్టిన చప్పుడు.

ఆయనే. నైట్ డ్రెస్ మీద ఓవర్‌కోటు, కాళ్లకు స్లిప్పర్లు. ‘రోజూ మూడుసార్లే ఎందుకు?’ అని అడిగాడు, ఇంగ్లీషులో, చాలా మర్యాదగా.

అప్పుడు బయటపడింది. సెప్టెంబర్ నుంచి లెక్కపెడుతున్నాడట. ముందు హీటర్ పైపు అనుకుని బిల్డింగ్ మనిషిని పిలిపించి చూపించాడు, పైపులు బాగానే ఉన్నాయి. మూడు కూతలు, తర్వాత చుర్రుమని ఏదో కాలిన చప్పుడు, తర్వాత ఇద్దరు మగవాళ్లు ఊపిరాడనట్టు దగ్గడం, ఆ తర్వాత నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దంలోనే ఆయనకు నిద్ర పట్టేది కాదట. రెండింటి అడుగులు అవే.

లోపలికి తీసుకెళ్లి కుక్కర్ చూపించాను. ఆ వెయిట్ తీసి, పోలీసులు సాక్ష్యాన్ని పట్టుకున్నట్టు రెండు వేళ్లతో పట్టుకుని, లైటు కింద అటూ ఇటూ తిప్పి చూశాడు. మూతలో పడిన పప్పు మరక కూడా చూశాడు. ‘బోన్ నుయి’, అంటే గుడ్ నైట్, అని వెళ్లిపోయాడు.

సినిమా మిగతా సగం ఆ రాత్రి చూడలేదు. వారం తర్వాత మటన్ పెట్టి, మాటల్లో పడి మర్చిపోయాను. నాలుగో కూత వచ్చింది. వెంటనే గోడ మీద ఒకే ఒక్క టక్.