స్కేళ్లు, కార్డ్‌లు తెలిసినా జాజ్‌లో అల్లి పాడటం ఎందుకు రావడం లేదు?

పాప్ పాటలు బాగానే పాడగలుగుతున్నారు, స్కేళ్లూ కార్డ్‌లూ నేర్చుకున్నారు, అయినా జాజ్ పాటలో మనోధర్మంతో అల్లి పాడవలసిన చోటికి వచ్చేసరికి ఎప్పుడూ అవే ఐదు స్వరాల చుట్టూ తిరుగుతున్నానని రాశారు. డోరియన్ వంటి మోడ్‌లు (ఒకే స్కేల్‌ను వేర్వేరు స్వరాల నుంచి మొదలుపెడితే వచ్చే స్వరక్రమాలు) కూడా నేర్చుకుంటే ఈ ఇబ్బంది తీరుతుందా అని అడిగారు. చాలాకాలంగా పియానో తోడుగా పాడుతూ, కొత్తగా పాడేవారికి నేర్పుతూ గమనించినంతలో, మీ ఇబ్బందికి మూలం ఆ ఐదు స్వరాలలోనే ఉందని నా నమ్మకం.

సి మేజర్ పెంటటోనిక్ అనే ఐదు స్వరాల స్కేల్‌లో సి, డి, ఇ, జి, ఎ స్వరాలుంటాయి. మేజర్ స్కేల్‌తో పోలిస్తే ఇందులో లేనివి ఎఫ్, బి అనే రెండే. అర్ధస్వరం దూరంలో మరో స్వరాన్ని ఆనుకుని ఉండే ఈ రెండూ తొలగిపోవడం వల్లనే పెంటటోనిక్‌లో ఏ స్వరం పాడినా పెద్దగా అపస్వరంగా వినిపించదు, అందుకే పాప్ సంగతులలో అత్యధికం దాని మీదనే నడుస్తాయి. అయితే ఒక కార్డ్ నుంచి ఇంకో కార్డ్‌కు పాట కదిలిందని శ్రోతకు తెలిపేవి కూడా ముఖ్యంగా ఈ రెండు స్వరాలే. వాటిని వదిలేసి పాడితే కింద కార్డ్‌లు మారుతున్నా పైన గొంతు నిలిచిన చోటనే నిలిచినట్టు వినిపిస్తుంది.

జాజ్‌లో అడుగడుగునా ఎదురయ్యే టూ-ఫైవ్-వన్ వరుసను, అంటే స్కేల్‌లోని రెండో, ఐదో, ఒకటో స్వరాల మీద కట్టిన కార్డ్‌ల వరుసను, సి మేజర్‌లో చూడండి: డి మైనర్ సెవెన్, జి సెవెన్, సి మేజర్ సెవెన్. మొదటి కార్డ్‌లో మూడో స్వరం ఎఫ్. అదే ఎఫ్ రెండో కార్డ్‌లో ఏడో స్వరమవుతుంది. ఆ తరువాత అర్ధస్వరం దిగి ఇ మీద వాలితే అది చివరి కార్డ్‌కు మూడో స్వరం. అదే విధంగా మొదటి కార్డ్‌లో ఏడో స్వరమైన సి, జి సెవెన్ రాగానే బి మీదకు దిగి, చివరి కార్డ్‌లో కూడా అక్కడే నిలుస్తుంది. కార్డ్ మార్పును చూపే ఈ మూడో, ఏడో స్వరాలను గైడ్ టోన్లు అంటారు.

కీబోర్డ్ మీద డి, జి, సి అనే మంద్రస్వరాలను మాత్రమే నెమ్మదిగా వాయించుకుంటూ ఎఫ్–ఎఫ్–ఇ అని పాడండి, తరువాత సి–బి–బి అని పాడండి. పూర్తి కార్డ్ వాయించవద్దని ప్రత్యేకంగా చెబుతున్నాను, ఎందుకంటే ఆ స్వరం పియానోలో వినిపిస్తే గొంతు దాన్ని అనుకరిస్తుందే తప్ప చెవి దాన్ని స్వయంగా ఊహించదు. వాద్యకారుడికి వేలి కింద మెట్టు ఉంటుంది. గాయకుడికి మాత్రం పలకబోయే స్వరం ముందుగా లోపల వినిపించాలి. ఎఫ్ నిలిచి ఉండగా కింద డి పోయి జి వచ్చినప్పుడు, మీరు స్వరం మార్చకపోయినా దాని రంగు మారడం స్పష్టంగా తెలుస్తుంది. ఆ మార్పు చెవికి పట్టుబడేవరకు ముందుకు వెళ్లకండి.

తరువాత ఆ గమ్యస్వరాన్ని చేరే దారిని అలంకరించవచ్చు. ఇ మీద వాలడానికి ముందు పైనున్న ఎఫ్‌ను, కిందనున్న డి షార్ప్‌ను తాకి వస్తే ఆ మూడు స్వరాలలోనే బిబాప్ అనే జాజ్ శైలి నుడికారం వినిపిస్తుంది. చివరి కార్డ్ పడటానికి అర బీట్ ముందే ఇ స్వరాన్ని అందుకుంటే దానికి ఊపు వస్తుంది. నా అనుభవంలో కొత్త స్వరాల కంటే ఈ లయ మార్పే పాటను ఎక్కువగా జాజ్ వైపు నడిపిస్తుంది, కాబట్టి సాధనలో సగం సమయం దీనికే ఇవ్వండి.

అల్లి పాడేటప్పుడు ఏ అక్షరాలు పలకాలన్న దాని గురించి ఎక్కువగా ఆలోచించనవసరం లేదు. లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ 1926 నాటి రికార్డింగ్‌తో అర్థం లేని అక్షరాలతో పాడే స్కాట్ గానం విస్తృతంగా ప్రచారం పొందింది. ద, బ వంటి హల్లులు స్వరాన్ని వాద్యంలా స్ఫుటంగా మొదలుపెట్టడానికి తోడ్పడతాయి. వినడానికి మాత్రం మొదట చెట్ బేకర్‌ను ఎంచుకోండి. ఆయన ట్రంపెట్ వాద్యకారుడు కూడా కావడంతో గొంతుతో పాడిన సోలోలలోనూ స్వరాలు పొదుపుగా, ప్రతి కార్డ్ మార్పూ తెలిసేలా ఉంటాయి. జాజ్ గాయని ఎల్లా ఫిట్జ్‌గెరాల్డ్ వేగాన్ని అనుసరించడానికి అప్పుడే తొందరపడవద్దు.

ఇదే చూపు పాప్‌కూ పనికొస్తుంది. సి, జి, ఎ మైనర్, ఎఫ్ అనే నాలుగు కార్డ్‌ల మీద ఒకే సి స్వరాన్ని పట్టి ఉంచండి. అది మొదటి కార్డ్‌లో ఆధారస్వరం, మూడోదానిలో మూడో స్వరం, నాలుగోదానిలో ఐదో స్వరం. జి మీద మాత్రం ఆ కార్డ్‌లో లేని నాలుగో స్థానంలో నిలిచి బి వైపు లాగుతుంది. పెంటటోనిక్‌లో దిగుతూ వచ్చిన మీ సంగతిని జి కార్డ్ మీద ముగించవలసి వస్తే, సి వద్ద ఆగక ఆ బి వరకు వెళ్లి చూడండి.

ఇక మోడ్‌ల సంగతి. టూ-ఫైవ్-వన్‌లోని మూడు కార్డ్‌లకు చెప్పే డోరియన్, మిక్సోలిడియన్, అయోనియన్ మోడ్‌లలో ఉండేవి సి మేజర్ స్కేల్‌లోని ఆ ఏడు స్వరాలే. ఏ స్వరం మీద నిలవాలో, ఏది దాటిపోవాలో ఆ పేర్లు గాయకుడికి చెప్పవు, కాబట్టి వాటిని ప్రస్తుతానికి వాయిదా వేయండి. గైడ్ టోన్లు అన్ని శ్రుతులలోనూ తడబాటు లేకుండా పలికిన తరువాత, జి సెవెన్ మీద ఎ ఫ్లాట్ పట్టి, సి మేజర్ సెవెన్ రాగానే జి మీదకు దించడం మొదలుపెట్టండి.